నర్సు పైచదువు చదివితే వార్డు వదిలేయాలా?

పోయిన ఆదివారం పొద్దున్నే మా చిన్నాన్న కూతురు ఫోన్ చేసింది. మామూలుగా తను ఫోన్ చేసిందంటే రెండే కారణాలు. ల్యాప్‌టాప్ పాడయ్యుండాలి, లేదా గుమ్మఘట్టలో వాన పడుండాలి. (మా వైపు వాన పడితే ఫోన్లు చేసి మరీ చెప్పుకుంటాం లెండి. అనంతపురం జిల్లా వాళ్ళకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.) ఈసారి రెండూ కాదు.

"అన్నా, ఎమ్మెస్సీకి పోవల్లనా, వద్దా? నువ్వే చెప్పల్ల" అంది.

తను బీఎస్సీ నర్సింగ్ చదివింది. బెంగుళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఆరేళ్ళుగా స్టాఫ్ నర్సు. ఊళ్ళో చిన్నాన్నకి ఉన్నదల్లా వేరుశెనగ చేను, ఎండిపోయిన రెండు బోర్లు, కూతురి చదువుకి చేసిన అప్పు. ఆ అప్పు కిందటేడే తీరింది, అదీ తన జీతంతోనే. ఇప్పుడు మళ్ళీ రెండేళ్ళు చదువంటే ఇంట్లో "మళ్లా సదువేందమ్మే, పెండ్లి జేసుకో" అంటున్నారట. ఇంట్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాణ్ణి కదా, సలహా కోసం నా దగ్గరకొచ్చింది, పాపం.

నేనేం చేస్తాను? సాఫ్ట్‌వేరోడు ఏం చేస్తాడో అదే చేశాను. ఎక్సెల్ తెరిచాను. రెండేళ్ళ జీతం పోతుంది, దానికి ఫీజు, హాస్టలు కలపాలి. చదువయ్యాక జీతం ఎంత పెరుగుతుంది, పెట్టింది ఎన్నేళ్ళకి తిరిగొస్తుంది... అరగంటలో రంగులు కూడా వేసేశాను :) "చెయ్యమ్మా, చేస్తే ఐసీయూకి లీడ్ అవుతావు కదా, ఆ లెక్కన ఫరవాలేదు" అన్నాను గొప్పగా.

అటు నుంచి నవ్వు వినిపించింది.

"లీడా? ఎమ్మెస్సీ చేస్తే నన్ను ఐసీయూలో ఎవురుంచుకుంటారన్నా? కాలేజీలో పాఠాలు చెప్పేకి పొమ్మంటారు. నాకు పాఠాలు చెప్పాలని లేదు. నాకొచ్చిన పని మంచం కాడ పని. అది ఇంకా బాగా చేసేకి చదువుకోవల్లనుకుంటే, చదువుకున్నాక ఆ పనే ఉండదంట. ఇదేం లెక్కో నువ్వే చెప్పు."

నా ఎక్సెల్లో ఆ లెక్కకి గడి లేదు. వారం రోజులుగా బుర్ర గోక్కుంటూ, చదువుతూ, తెలిసినవాళ్ళని విసిగిస్తూ తెలుసుకున్నదే ఈ టపా.

ముందు ఆ చదువు సంగతి చూద్దాం. మనలో చాలామందికి నర్సుల చదువుల గురించి తెలిసింది సున్నా. జీఎన్ఎం అంటే మూడేళ్ళ డిప్లొమా, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు. జీఎన్ఎం చేసినవాళ్ళు పోస్ట్ బేసిక్ బీఎస్సీ అని ఇంకో రెండేళ్ళు చదివి డిగ్రీ తెచ్చుకోవచ్చు. ఆ పైన ఎమ్మెస్సీ రెండేళ్ళు. డిగ్రీలో 55 శాతం మార్కులు, కనీసం ఏడాది పని అనుభవం ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన నిబంధన. ఎమ్మెస్సీలో ఐదు స్పెషాలిటీలు: మెడికల్ సర్జికల్, పిల్లల నర్సింగ్, ప్రసూతి, మానసిక ఆరోగ్యం, కమ్యూనిటీ హెల్త్. మొదటి ఏడు స్పెషాలిటీతో పాటు రీసెర్చి, స్టాటిస్టిక్స్, నర్సింగ్ ఎడ్యుకేషన్ ఉంటాయి. రెండో ఏడు నర్సింగ్ మేనేజ్‌మెంటు, ఒక థీసిస్.

చూడటానికి బాగానే ఉంది కదా? ఒక వార్డుని నడిపించగల మనిషికి కావలసిన సరుకంతా ఉంది. మరి ఇది చదివినవాళ్ళు వార్డులో ఎందుకు ఉండరు?

కారణం చదువులో లేదు, దానికున్న గిరాకీలో ఉంది. మన దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలు ఎలా పుట్టుకొచ్చాయో నర్సింగ్ కాలేజీలూ అలాగే పుట్టుకొచ్చాయి. కాలేజీకి గుర్తింపు కావాలంటే ఎమ్మెస్సీ చేసిన టీచర్లుండాలి. తనిఖీకి వచ్చినవాళ్ళు అడిగేది ఆ కాగితమే. వార్డులో ఎమ్మెస్సీ చేసిన నర్సు ఒక్కరైనా ఉండాలని ఆసుపత్రిని నిలదీసేవాళ్ళు మాత్రం లేరు. కొనేవాడు ఒక్కడే అయితే సరుకు అక్కడికే పోతుంది. అలా ఎమ్మెస్సీ నర్సింగ్ మెల్లగా టీచర్ ట్రైనింగ్‌లా తయారయ్యింది.

వార్డు వైపు నిచ్చెన వేరే. మన ప్రభుత్వాసుపత్రుల్లో స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు, ఆ పైన గ్రేడ్-2, గ్రేడ్-1 నర్సింగ్ సూపరింటెండెంట్లు. ఈ మెట్లు ఎక్కించేది ప్రధానంగా సీనియారిటీ. పైకెళ్ళే కొద్దీ పని డ్యూటీ చార్టులు, స్టాకు, లినెన్ లెక్కలు. అది తేలికైన పనని నేననడం లేదు. కానీ ఆ నిచ్చెన పై మెట్టు మీద ఉన్నావిడ రోగి మంచం దగ్గరకి వెళ్ళి "ఈయనకి ఇలా చేద్దాం" అని నిర్ణయించే మనిషి కాదు. అంటే పైకెళ్ళడానికి దారులు రెండే: కాలేజీకి, లేదా ఆఫీసు గదికి. రెండూ మంచానికి దూరంగానే పోతాయి.

ఈ కథ మనకి కొత్తేమీ కాదు. ఒకప్పుడు మన కంపెనీల్లో బాగా కోడ్ రాసేవాడికి ఇచ్చే బహుమానం ఏంటంటే, ఇక కోడ్ రాయొద్దనడం. మేనేజరుని చేసి నలభై మంది లీవులు చూసుకోమనేవాళ్ళు. మంచి ఇంజనీరు పోయి ఓ మాదిరి మేనేజరు మిగిలేవాడు. తర్వాత బుద్ధొచ్చి టెక్నికల్ ట్రాక్ అని పక్కనే ఇంకో నిచ్చెన వేశారు. ఆర్కిటెక్టు, స్టాఫ్ ఇంజనీరు, ప్రిన్సిపల్ ఇంజనీరు అని. ఐబీఎంలో అయితే ఫెలో అనే హోదా 1960ల నుంచే ఉంది. జీతంలో, మాట చెల్లుబాటులో డైరెక్టర్లతో సమానంగా ఉంటూ, చేతి పని వదలక్కర్లేదు. మనం పోట్లాడి (కంపెనీ మారతామని బెదిరించి అనండి) సాధించుకున్న ఈ నిచ్చెన నర్సులకి లేదు. నా గొడవంతా ఇదే.

"సరే, లేకపోతే నష్టమేంటి? డాక్టర్లున్నారు కదా" అంటారా? మా చెల్లెలు చెప్పిన ఒక రాత్రి సంగతి చెబుతాను.

ఆపరేషన్ అయిన పెద్దాయన. బీపీ బానే ఉంది, మానిటర్ మోగడం లేదు. కానీ ఊపిరి తీసే వేగం గంట గంటకీ కొంచెం కొంచెం పెరుగుతోంది, మూత్రం తగ్గుతోంది, మనిషి నిలకడగా లేడు, దుప్పటి పీకుతున్నాడు. ఆరేళ్ళు అదే పని చేసిన మనిషికి ఇది ఎటు పోతోందో తెలిసిపోయింది. డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేసింది. "బీపీ బానే ఉందిగా, చూస్తూ ఉండు" అన్నాడు. మళ్ళీ చేసింది. మూడోసారి చేసింది. ఆ అబ్బాయిదీ తప్పనలేం, ఆ రాత్రి మూడంతస్తులకి అతనొక్కడే. తెల్లవారే సరికి పెద్దాయన వెంటిలేటరు మీదున్నాడు. రక్తంలో ఇన్‌ఫెక్షన్. పదకొండు రోజుల తర్వాత బతికి బయటపడ్డాడు, ఆయన అదృష్టం. మర్నాడు మీటింగులో అడిగిన మొదటి ప్రశ్న మాత్రం "నర్సు ముందే ఎందుకు చెప్పలేదు?" అని.

"చార్టులో మూడు టైములూ రాసి పెట్టినా కాబట్టి సరిపోయిందన్నా. లేకుంటే నా మీదే పడు. నాకేం ఆపరేషన్ చేసేకి అధికారం వద్దు. ఒక రక్త పరీక్ష పంపేకి, పెద్ద డాక్టరుని నేరుగా లేపేకి అధికారం ఉంటే చాలు" అంది.

మన భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్ సర్వరు ముందు రాత్రంతా కూర్చునే మనిషి తను. లాగ్స్ అన్నీ తనే చూస్తుంది. ఏది పడిపోబోతోందో అందరికంటే ముందు తనకే తెలుస్తుంది. కానీ ఒక్క కమాండు కొట్టే పర్మిషన్ లేదు. పడిపోయాక జరిగే మీటింగులో మాత్రం తన పేరుంటుంది. మనమైతే ఆ ఉద్యోగంలో మూడు నెలలు ఉండం.

ఇక్కడ నా గురించి ఒక మాట ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం నేనూ ఆసుపత్రి సాఫ్ట్‌వేరులో ఒక మాడ్యూల్ రాశాను. ఎవరెవరికి ఏయే హక్కులుండాలో టేబుల్ తయారు చేసింది నేనే. డాక్టరుకి అన్నీ. నర్సుకి? చూడొచ్చు, బీపీ, జ్వరం లాంటివి నింపొచ్చు. అంతే. పరీక్ష రాసే బటన్ వాళ్ళ స్క్రీన్ మీద కనబడకుండా దాచింది ఈ చేతులే. రిక్వైర్‌మెంటులో అలా ఉంది, అలా చేశాను. "ఇరవై ఏళ్ళ అనుభవమున్న నర్సుకీ, నిన్న చేరిన నర్సుకీ ఒకటే రోల్ ఏంటి?" అని అడగాలని అప్పుడు తట్టలేదు. చెల్లెలు ఆ రాత్రి సంగతి చెబుతుంటే నాకు ఆ టేబులే గుర్తొచ్చింది.

ఈ విషయం మీద బయట దేశాల్లో లెక్కలున్నాయి. 2014లో లాన్సెట్ పత్రికలో లిండా ఐకెన్, ఆవిడ బృందం రాసిన పేపరు చాలా పేరున్నది. యూరప్‌లో 9 దేశాలు, 300 ఆసుపత్రులు, ఆపరేషన్లయిన 4 లక్షల 20 వేల మందికి పైగా రోగులు. నర్సుల్లో డిగ్రీ చదివినవాళ్ళు 10 శాతం ఎక్కువుంటే, 30 రోజుల్లోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం తక్కువగా కనబడింది. నర్సు మీద ఒక్క రోగి భారం పెరిగితే అదే అవకాశం 7 శాతం పెరిగింది. ఇది రెండూ కలిసి కనబడ్డాయని చెప్పే లెక్కే తప్ప ఒకదాని వల్లే ఇంకోటి జరిగిందని తేల్చేది కాదు, ఆ మాట మీరనే లోపు నేనే అంటున్నాను :) అయినా నర్సు చదువుని ఖర్చు పద్దులో రాసుకునే యాజమాన్యాలు ఒకసారి చూడాల్సిన అంకెలవి.

అమెరికాలో ఉన్న మిత్రులకి ఇంకో సంగతి. పిల్లాడికి జ్వరమొచ్చి క్లినిక్కుకి పరిగెత్తినప్పుడు చాలాసార్లు మిమ్మల్ని చూసి మందు రాసిచ్చేది డాక్టరు కాదు, నర్స్ ప్రాక్టిషనర్. ఆ పద్ధతి 1965లో కొలరాడో యూనివర్సిటీలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదలుపెట్టారు. పల్లెల్లో పిల్లల్ని చూసే డాక్టర్లు దొరక్కే మొదలయ్యింది. ఫోర్డ్ గారు 2025 జనవరిలో, నూట నాలుగేళ్ళ వయసులో పోయారు. ఇప్పుడక్కడ అది పీజీ స్థాయి చదువు, సగానికి పైగా రాష్ట్రాల్లో వాళ్ళు సొంతంగా వైద్యం చేయొచ్చు. ఇంగ్లండులో కూడా పీజీ చేసి, రోగిని పరీక్షించి నిర్ణయం తీసుకునే అడ్వాన్స్‌డ్ ప్రాక్టిషనర్ నర్సులున్నారు. వార్డు వదలకుండానే వాళ్ళ జీతం బ్యాండు పెరుగుతుంది.

"అవన్నీ డబ్బున్న దేశాలు" అనేవాళ్ళ కోసం మన దగ్గరి ఉదాహరణ చెబుతాను.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం తెలంగాణలో ప్రసవాల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశంలో అన్నిటికంటే ఎక్కువ. మన ఆంధ్రాలో 42.4, దేశం మొత్తం మీద 21.5. ఈ జబ్బుకి మందుగా 2017లో తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాదు ఫెర్నాండెజ్ సంస్థ, యూనిసెఫ్ కలిసి కరీంనగర్లో ఒక కోర్సు మొదలుపెట్టాయి. అప్పటికే నర్సులుగా పనిచేస్తున్న 30 మందిని తీసుకుని, పద్దెనిమిది నెలలు మామూలు కాన్పు చేయించడంలో నిపుణులుగా తయారు చేశారు. ఫెర్నాండెజ్ ఆసుపత్రి 1948 నుంచీ ఉంది, 2011 నుంచి డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ నాయకత్వంలో మిడ్‌వైఫులకి శిక్షణ ఇస్తోంది. అంటే నర్సుల చేతికి కాన్పు అప్పజెప్పాలని పట్టుబట్టింది ఒక గైనకాలజిస్టే! ప్రమాదం లేని కాన్పు మిడ్‌వైఫు చేతిలో, తేడా వస్తే డాక్టరు చేతిలో. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం కూడా దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది.

దీన్ని నేనెందుకు మెచ్చుకుంటున్నానంటే, ఇక్కడ చదువు, పని, అధికారం మూడూ కలిపి ఆలోచించారు. నర్సుని చదివించి కాలేజీకి పంపలేదు, లేబర్ రూముకే తిరిగి పంపారు. ఎక్కడిదాకా తను నిర్ణయించొచ్చో, ఎక్కడ డాక్టరుని పిలవాలో ముందే గీత గీశారు.

ఇంకో ఉదాహరణ మన రాయలసీమ వాళ్ళందరికీ తెలిసిందే, రాయవేలూరు. పెద్ద జబ్బంటే మనవాళ్ళు రైలెక్కేది అక్కడికే కదా. వేలూరు సీఎంసీలో 1909 నుంచి నర్సింగ్ స్కూలుంది, 1946లో డిగ్రీ కూడా పెట్టారు. అక్కడి పద్ధతి ఏంటంటే కాలేజీలో పాఠం చెప్పే నర్సే వార్డు బాధ్యత కూడా చూస్తుంది. పుస్తకంలో చెప్పింది మంచం దగ్గర చేసి చూపించాలి. మిగతా చోట్ల కాలేజీకీ వార్డుకీ మధ్య కట్టిన గోడ అక్కడ లేదు. మన మెడికల్ కాలేజీల్లో ప్రొఫెసరు డాక్టరు వార్డులో రౌండ్సుకి వెళ్ళడం మనకి వింతగా అనిపిస్తుందా? మరి నర్సింగ్ ప్రొఫెసరు ఎందుకు వెళ్ళకూడదు?

ఇప్పుడు మా ఊరికొద్దాం. గుమ్మఘట్ట అంటే మీలో చాలామందికి తెలియదు. రాయదుర్గం పక్కన, కర్ణాటక సరిహద్దు. వేదవతి మీద కట్టిన భైరవానితిప్ప డ్యామ్ మా మండలంలోనే ఉంది. నేను చూసినన్ని రోజుల్లో అందులో నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ. జిల్లా కేంద్రం వంద కిలోమీటర్లకి అటూ ఇటూ, అందుకే మావాళ్ళు పెద్ద జబ్బులకి బళ్ళారి పోతారు. ఇలాంటి చోట పెద్ద చదువులు చదివిన స్పెషలిస్టు డాక్టరు వచ్చి కాపురం పెడతాడని నేను ఆశ పెట్టుకోలేదు. ఇరవై నాలుగ్గంటలూ అక్కడుండేది ఏఎన్ఎమ్ములు, నర్సులు, ఆశా వర్కర్లు.

నిజానికి పల్లెల్లో కొంత మార్పు వచ్చింది. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద బీఎస్సీ నర్సులకి ఆరు నెలల శిక్షణతో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ అనే ఉద్యోగం పుట్టింది. ఆంధ్రాలో పదివేలకు పైగా విలేజ్ క్లినిక్కుల ప్రణాళిక వాళ్ళని నమ్ముకుని వేసిందే. బీపీ, షుగరు చూడటం, మందులివ్వడం, గర్భిణుల్లో ఎవరికి ప్రమాదముందో కనిపెట్టడం వాళ్ళ పని. మా ఊళ్ళో పెద్దవాళ్ళు షుగరు మాత్రకి టౌనుకి పోయే పని తప్పితే ఒక రోజు కూలీ మిగిలినట్టే, అది చిన్న విషయం కాదు.

కానీ నిచ్చెనలో మొదటి మెట్టు వేసి ఆపేశారు. వాళ్ళవి కాంట్రాక్టు ఉద్యోగాలు. ఆ పిల్ల పదేళ్ళు అక్కడ పనిచేసి, మా నేలలో షుగరు ఎలా ముదురుతుందో, ఫ్లోరైడు నీళ్ళతో మోకాళ్ళు ఎలా పోతాయో, వలస నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ళలో రక్తహీనత ఎలా ఉంటుందో కంఠతా వచ్చాక, తర్వాత మెట్టేది? కమ్యూనిటీ హెల్త్‌లో ఎమ్మెస్సీ ఉందని పైన చెప్పాను కదా. అది చదివిన మనిషి మండలంలో ఓ పది పన్నెండు క్లినిక్కులకి పెద్దదిక్కుగా ఉండొచ్చు. వారానికోసారి వెళ్ళి కష్టమైన కేసులు చూడొచ్చు, కొత్త పిల్లలకి నేర్పొచ్చు, డాక్టరుతో మాట్లాడి మందు మార్పించొచ్చు. అలాంటి పోస్టు ఉంటే మా చెల్లెలు లాంటివాళ్ళు బెంగుళూరు వదిలి వచ్చినా ఆశ్చర్యం లేదు. ప్రస్తుతం ఆ చదువు చదివినవాళ్ళలో ఎక్కువమంది ఊరిని చూసేది, కాలేజీ బస్సులో స్టూడెంట్లని సర్వేకి తీసుకొచ్చినప్పుడు.

అన్నట్టు, మా జిల్లాకి నర్సు విలువ తెలియదని ఎవరూ అనలేరు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్డీటీ బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లుల్లో ఆసుపత్రులు కట్టింది. కరువు ఇళ్ళల్లోంచి వచ్చిన ఆడపిల్లలు తెల్ల డ్రెస్సులో నెల జీతం తెచ్చుకోవడం మా తరం కళ్ళారా చూసింది. మా చెల్లెలికి నర్సు అవ్వాలనిపించింది కూడా చిన్నప్పుడు అలాంటి ఒక అక్కని చూశాకే.

ఇహపోతే అభ్యంతరాలు. నా చిన్ననాటి స్నేహితుడొకడు డాక్టరు. వాడితో ఈ గోలంతా చెబితే "ఇవాళ రక్త పరీక్ష అంటావు, రేపు ప్రిస్క్రిప్షన్ అంటావు, ఎల్లుండి ప్రతి సందులో ఒక సగం డాక్టరు బోర్డు పెడతాడు" అన్నాడు. వాడి భయాన్ని నేను కొట్టిపారేయను. 2019లో వచ్చిన నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలో 32వ సెక్షను కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకి పరిమిత లైసెన్సు ఇవ్వొచ్చంటే డాక్టర్లు దేశమంతా సమ్మె చేశారు. ఆర్ఎంపీల పేరుతో స్టెరాయిడ్లు పొడిచేవాళ్ళని చూసిన ఊళ్ళు మనవి. కానీ ఆ ఆర్ఎంపీ ఎందుకు పుట్టాడు? చదువుకున్న మనిషికి అధికారం ఇవ్వకపోతే, ఆ ఖాళీలో చదువులేనివాడు కూర్చున్నాడు. కౌన్సిల్లో రిజిస్టరై, ఆరేడేళ్ళు చదివి, రాసిన ప్రతి మాటకీ సంతకం పెట్టే నర్సుకి గీత గీసి ఇచ్చే అధికారం దానికి విరుగుడే అవుతుంది. చెప్పాక వాడు కాసేపాగి "ఐసీయూలో మంచి నర్సుంటే నాకు ఇంటికెళ్ళి నిద్రపడుతుందిరా, అది నిజమే" అన్నాడు. పూర్తిగా ఒప్పుకోలేదు లెండి, అంతవరకే.

రెండోది, "చదివిస్తే విదేశాలకి పోతారు" అనేది. ఈ మాట ఇంకెవరైనా అంటే వినొచ్చు, మనం అంటే ఎలా చెప్పండి? మనమెందుకు పోయాం? డబ్బు ఒక కారణం. చేసే పనికి విలువ, పైకెదిగే దారి ఇంకో కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2023 నాటికి ప్రపంచంలో 2.98 కోట్ల మంది నర్సులున్నారు, ఇంకా 58 లక్షల మంది తక్కువ. పిలిచే దేశాలు పిలుస్తూనే ఉంటాయి. చదువు ఆపితే వలస ఆగదు, చదువుకి తగిన కుర్చీ వేస్తే కొంతమందైనా ఆగుతారు.

మూడోది, కాగితాల మీద మార్పులు జరుగుతున్నాయి కదా అనేది. నిజమే. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేశారు. క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టిషనర్ అని రెండేళ్ళ పీజీ కోర్సు కూడా నర్సింగ్ కౌన్సిల్ తయారు చేసింది, అందులో ఎక్కువ సమయం ఐసీయూలోనే. సరిగ్గా మా చెల్లెలు అడిగేది అదే. కేంద్రం ఆసుపత్రుల్లో, తెలంగాణలో స్టాఫ్ నర్సు పేరు నర్సింగ్ ఆఫీసరుగా మారింది. సంతోషం. కానీ అప్రైజలప్పుడు జీతం పెంచకుండా "సీనియర్" తగిలిస్తే ఎలా ఉంటుందో మనకి చెప్పాలా? కోర్సు పెట్టినవాళ్ళు పోస్టు పెట్టకపోతే ఆ డిగ్రీ గోడకి అందం.

నాకు తోచినవి మూడు. ఒకటి, పెద్ద ఆసుపత్రుల్లో ఐసీయూ, లేబర్ రూము, క్యాన్సర్ వార్డు లాంటి చోట్ల పీజీ చేసిన నర్సుకి వార్డులోనే పోస్టు పెట్టాలి, కాలేజీ లెక్చరరుకి తగ్గని జీతంతో. రెండు, ఆ మనిషి సొంతంగా ఏమేం చేయొచ్చో రాసిపెట్టాలి. ఇంగ్లండులో 2012 నుంచి నాడి, ఊపిరి, బీపీ, జ్వరం, ఆక్సిజన్, స్పృహ లాంటి వాటికి మార్కులేసి, మొత్తం 5కి చేరితే ఫలానా పని, 7కి చేరితే ఫలానా పని అని పద్ధతి పెట్టుకున్నారు. అలాంటిదొకటి ఉంటే ఆ రాత్రి మూడు ఫోన్లు అక్కర్లేదు, మొదటి ఫోనే పెద్ద డాక్టరుకి వెళ్ళేది. మూడు, ఐదారేళ్ళు వార్డులో చేసినవాళ్ళకి జీతంతో చదువుకునే సెలవు. చదివి ఇన్నేళ్ళు ఇక్కడే చేయాలని బాండు రాయించుకోండి, ఫరవాలేదు.

మన వంతు కూడా ఉంది. మనలో ఆసుపత్రి సాఫ్ట్‌వేరు రాసేవాళ్ళు తక్కువేం కాదు. ఈసారి హక్కుల టేబుల్ చేసేటప్పుడు నర్సు అని ఒకే గడి పెట్టే ముందు, ఒక రాత్రి డ్యూటీ నర్సుతో గంటసేపు మాట్లాడండి. నేను చేయని పని అది.

నిన్న రాత్రి చెల్లెలికి ఫోన్ చేసి, ఎక్సెల్ ఫైలు చెరిపేశానని చెప్పాను. "క్రిటికల్ కేర్ కోర్సు చూడు. చేరే ముందు మీ ఆసుపత్రిలో ఒక్క మాట అడుగు, చదివొస్తే నన్ను ఐసీయూలో ఏ పోస్టులో పెడతారు అని. కాగితం మీద రాసివ్వమను" అన్నాను.

"అట్ల ఎవురూ అడగలేదన్నా ఇంతవరకూ. నవ్వుతారేమో."

"నవ్వితే ఇంకో ఆసుపత్రిలో అడుగు. ఇంటర్వ్యూల్లో మేం అడగమా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అప్లికేషను తెచ్చుకున్నాలే. నాయనకి ఇంకా చెప్పలేదు. నువ్వు చెప్తావా?" అంది.

చెబుతాను. అందుకే వచ్చే వారం ఊరికి పోతున్నాను. చిన్నాన్న ఎలాగూ "మళ్లా సదువెందుకు" అనే అడుగుతాడు. దానికి సమాధానం నా దగ్గరుంది. "చదివినాక పోస్టు యాడుందిరా?" అని అడిగితే మాత్రం ఏం చెప్పాలో ఇంకా తెలియడం లేదు. మీకేమైనా తోస్తే చెప్పండి.